నా సైకిల్‌కి సిక్ మార్కు

నాచారంలో మా వీధి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా నా సైకిల్ మీద అందరికీ ఒక అభిప్రాయం ఉండేది. నేనెవరినీ అడగలేదు. "దానికి రంగైనా వేయించుకోలేదేమ్మా?" అనేది పైవాటా ఆంటీ. "అయినా ఈ వయసులో గుట్టల్లో నీకేం పని?" అని కూడా ఆవిడే అనేది. ముప్పై దాటిన ఆడది పైజామాకు పిన్నీసు పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే ఉప్పల్ మీదుగా మేడిపల్లి దాటి రాళ్లలోకి తొక్కుకుంటూ పోతే కొంప మునుగుతుందా? మునగలేదు. నేను వెళ్లిన ప్రతి ఆదివారమూ మా వీధిలో పాలు పొంగాయి, ఇడ్లీలు ఉడికాయి.

రంగెందుకు లేదంటే అది టైటానియం. తుప్పు పట్టదు. మా ల్యాబ్‌లో ఆ లోహపు ముక్కల్ని మిషన్‌కు బిగించి, ఎంత లాగితే తెగుతాయో చూడటమే నా ఉద్యోగం. తొంభైల చివర్లో పని మీద మా దగ్గరికొచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తిరిగి వెళ్తూ, మోసుకుపోలేక ఈ సైకిల్‌ను నాకు వదిలేశాడు. గుట్టలెక్కడానికే చేసిన బండి. వెనక చక్రం నుంచి పైకొచ్చే రెండు సన్న గొట్టాలు సీటు గొట్టానికి అతుక్కుని ఉండవు. మధ్యలో కుదుపుల్ని మింగే బొటనవేలంత స్ప్రింగు ఉంటుంది, దాన్నే షాక్ అంటారు. రాయి తగిలితే వెనక భాగం అంగుళం లోపలికి నొక్కుకుని మళ్లీ లేస్తుంది. అంతే.

ఆ అంగుళం మీదే నా బతుకు నిలబడి ఉంది. ఈ సైకిల్ రావడానికి రెండేళ్ల ముందు నడుములో డిస్క్ జారి మంచాన పడ్డాను. పక్కకు తిరగాలన్నా మా నాయినే తిప్పాలి. దవాఖానాలో డాక్టర్ "సైకిల్ మాట మర్చిపోండి" అన్నాడు. లేచి తిరుగుతున్నా, మామూలు సైకిల్ ఎక్కితే ఉప్పల్ చౌరస్తా చేరేలోపే నడుము పట్టేసేది. ఈ బండి మీద మాత్రం గుట్టల్లో గంటలు తిరిగినా ఏమీ కాలేదు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టైంది.

మా నాయిన రైల్వే వర్క్‌షాపులో బోగీలు రిపేరు చేసి రిటైరైన ఫిట్టర్. ఒక శనివారం నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి, వరండాలో ఉన్న సైకిల్ వెనక రెండు చెక్కముక్కలు కనిపించాయి. షాక్ నొక్కుకోకుండా అటొకటి ఇటొకటి దిగ్గొట్టి, ఇనుప తీగతో బిగించాడు. గొట్టం మీద సుద్దతో ఇంగ్లిషులో పెద్దగా 'సిక్' అని రాశాడు. రైల్వేలో చెడిపోయిన బోగీ మీద ఆ మాట రాస్తారు. రాత పడిందంటే దాన్ని రైలు నుంచి విడదీసి పక్క పట్టా మీదికి తోసేస్తారు. బాగుచేసి 'ఫిట్' అని రాసేదాకా అది కదలదు.

"గిదేంది నాయినా?"

"స్ప్రింగు ఇరిగింది బిడ్డా. సీటు మీద చెయ్యేస్తే కిందికి దిగుతది. చెక్కల ప్యాకింగ్ వెట్టిన. స్ప్రింగు ఇరిగిన బోగీని మేం గట్లనే మెల్లగ పంపుతుంటిమి."

"ఇరగలేదు. దాన్ని జేసుడే గట్ల."

"నాకు జెప్తున్నవా? నా బతుకంత స్ప్రింగుల కిందనే పోయింది. ఇగ గుట్టలు గిట్ల బంద్ వెట్టు. గల్లీల తొక్కుకో, జర మెల్లగ."

అప్పుడర్థమైంది నాకు. సిక్ అని రాసింది సైకిల్‌కి కాదు, నాకు. ఒళ్లు మండిపోయింది. ఆయన భయం నాకు తెలియక కాదు. కానీ భయపడేది ఆయనైతే పక్క పట్టా మీద నిలబడాల్సింది నేనా?

"రేపు నువ్వు గూడ నాతోని రా," అన్నాను.

తెల్లారి ఆయన మోపెడ్ మీద వచ్చాడు. నడుముకు బెల్టు కట్టుకుని, ఆ చెక్కలతోనే నేను తొక్కాను. మేడిపల్లి దాటేసరికి నడుములో సూదులు దిగుతున్నాయి, పళ్లు బిగబట్టాను. రోడ్డు దిగి, సీతాఫలం పొదల మధ్య రాళ్లబాట మొదలైన చోట సైకిల్ ఆయన చేతికిచ్చాను.

"గా బండ దాక తొక్కి రా."

జీవితమంతా సైకిల్ మీద డ్యూటీకి పోయిన మనిషి. ఎగిరి కూర్చుని పోయాడు. వచ్చేటప్పుడు సీటు మీద కూర్చోలేక లేచి నిలబడి తొక్కుకుంటూ వచ్చాడు. నేను ఆయన మోపెడ్ డబ్బాలోంచి ఆయన పటకారే తీసి, తీగ తెంపి, చెక్కలు ఊడబీకాను.

"మళ్ల పో."

ఈసారి బండ దగ్గర ఆగలేదు. పొదలు దాటి, కనపడనంత దూరం పోయాడు. తిరిగొచ్చి సైకిల్ దిగి, సీటు మీద రెండు చేతులూ వేసి నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు.

"ఇరగలే," అన్నాడు చివరికి. "మరి నీ నడుము?"

"నీ చెక్కల్తోని ఇందాకటి దాక గుంజింది. ఇప్పుడు సూడు."

బండ వాలు మెట్లు మెట్లుగా ఉంటుంది. దాని మీంచి కిందికి దిగాను, ఆగకుండా తిరిగి పైకెక్కాను. ఆయన చూస్తున్నాడని తెలుసు. చూడనీ. దాచిపెట్టుకుని తిరగడానికి నేనేమీ దొంగతనం చేయలేదు.

నేను దిగగానే ఆయన తువ్వాలు ఉమ్మితో తడిపి 'సిక్' తుడిచాడు. తర్వాత అలవాటు కొద్దీ జేబులోంచి సుద్దముక్క తీసి, 'ఫిట్' రాయడానికి వంగాడు. నేను ఆ సుద్ద లాక్కుని పొదల్లోకి విసిరేశాను.

"ఏందే?"

"గది నువ్వు రాసేది కాదు నాయినా."

ఆయన ఖాళీ చెయ్యి చూసుకున్నాడు. నన్ను చూశాడు.

"ప్యాకింగ్ తప్పు జాగల వెట్టిన. నీ నోటికి వెట్టాల్సుండె," అని మోపెడ్ స్టార్ట్ చేశాడు. "వచ్చే ఐతారం ఇంకో బాట సూపియ్యి."