ఎదగొద్దన్న పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని మా ఇంట్లో అందరికన్నా ఆఖరున తెలిసింది నాకే. రెండోసారి గుండె ఆపరేషనై హైదరాబాదు దవాఖానలో ఉన్నాను. తట్టుకోలేనని బాపు దాచాడు. ఎప్పుడడిగినా "జెరమొచ్చింది బిడ్డా, పండుకున్నది" అనేవాడు. సిద్దిపేటలో ఇల్లు చేరాక, నన్ను కన్న అవ్వ పక్కన కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని చెప్పింది.

ఆమె బాపుకు వదిన. పిల్లల్లేరు. అవ్వ కొట్లో కూర్చునేది కనుక నేను పెద్దమ్మ ఒళ్లోనే పెరిగాను. పుట్టుకతోనే నా గుండెలో ఒక వాల్వు సరిగా లేదు. బడికి పోకముందే దాన్ని తీసి, జంతువు కణజాలంతో చేసింది పెట్టారు. మాది గుడ్డు కూడా గడప దాటని కిరాణాకొట్టు ఇల్లు. జంతువంటే ఆవేనని ఇంటిల్లిపాదీ తేల్చేసుకున్నారు. పెద్దమ్మ రోజూ వీధిలో ఆవుకు బొట్టు పెట్టి బెల్లం తినిపించేది.

ఒకసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరునే అడిగింది. "సారూ, గా ఆవు మంచిగున్నదా?"

"ఆవు కాదమ్మా, పందిది."

తిరుగు బస్సు ప్రజ్ఞాపూర్ దాటాక నా తల ఒళ్లోకి లాక్కుంది. "ఏదైతేంది, నా బిడ్డకు పానం పోసింది." మర్నాటి నుంచి సందులోకొచ్చే పందుల్ని కర్రతో తరమడం మానేసింది. "వాకిలంత ఖరాబు జేస్తున్నయ్ అక్కా" అని పక్కింటామె మొత్తుకుంటే, "జెయ్యనియ్యే, మా సుట్టాలు" అనేది.

ఆమె భయం వేరే. ఎదిగే పిల్లల్లో ఆ వాల్వు ఎక్కువకాలం ఉండదని, మళ్లీ కోయాల్సి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. నా లంగా పొట్టిదైన ప్రతిసారీ అవ్వ మురిసిపోయేది, పెద్దమ్మ మొహం వాడిపోయేది. "గింత జల్ది పెరుగకే తల్లీ" అనేది. నాకు ఒళ్లు మండేది. ఎదగొద్దని చెప్పే పెద్దలెక్కడైనా ఉంటారా? ఇప్పుడా మాట ఒక్కసారి వినబడితే చాలు.

ఇంటర్‌లో మెట్లెక్కలేక ఆయాసం మొదలైంది. మళ్లీ ఆపరేషనన్నారు; ఈసారి పెట్టేది పెద్దవాళ్ల సైజుది, ఇక ఎదిగినా ఇరుకవదని చెప్పారు. బస్సు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు పెద్దమ్మ.

నేనొచ్చిన వారానికి దర్జీ నా కొత్త జాకెట్లు తెచ్చాడు. ఆపరేషన్ మంచిగా అయిందని ఫోనొచ్చిన రోజే పెద్దమ్మ కుట్టడానికి ఇచ్చి వచ్చిందట. లోపల రెండు పక్కలా బోలెడు బట్ట మిగిలి ఉంది. ఇంతెందుకు వదిలావని అడిగాను.

"మీ పెద్దమ్మనే జెప్పింది. ఇగ నా బిడ్డ మంచిగ పెరుగుతది, లోపట బట్ట ఎక్కువ ఇడిసిపెట్టు అన్నది."

అతను వెళ్లిపోయాక కూడా గుమ్మంలోనే నిలబడి, కుట్టు లోపలి ఆ బట్టను వేళ్లతో తడుముతూ ఉండిపోయాను.