నాంచారమ్మ పిన్ని ఇద్దరు పిల్లలు: భట్టిప్రోలు స్తూపం నుంచి బాపట్ల మఠం దాకా

ఈ ప్రయాణం నేను అనుకున్నది కాదు. బాపట్ల హాస్టల్లో నాతోపాటు డిగ్రీ చదివిన కోటేశ్వరి వాళ్ళమ్మ, నాంచారమ్మ పిన్ని, ఓ సాయంత్రం ఫోన్ చేసింది. "అమ్మాయ్, మా ఏడుకొండలు భట్టిప్రోలు దిబ్బకాడికొస్తున్నాడంట. ఆ రోజే కోటిని కూడా చూడాలనుంది. నువ్వు తోడొస్తావా?" అంది. రేపల్లె మార్కెట్లో చేపలమ్మి, భర్త లేకుండా ఇద్దర్ని చదివించిన మనిషి ఆవిడ. కొడుకు విజయవాడలో ఉద్యోగం చేస్తూ ఓసారి గయ చూసిరావడానికి వెళ్ళి, ఆ తర్వాత బౌద్ధ భిక్షువయ్యాడు. ఇప్పుడు మహారాష్ట్రలో ఓ విహారంలో ఉంటాడు. మా కోటి అంతకంటే ముందే బాపట్ల దగ్గర ఓ మఠంలో సన్యాసిని అయింది. అది బడులు, ఆస్పత్రులు నడిపే కాన్వెంటు కాదు. లోపలికెళ్ళిన సిస్టర్లు ఇక గేటు దాటరు. ప్రార్థన, తోటపని, మౌనం, అంతే. పేరు రాయొద్దని వాళ్ళే అడిగారు కాబట్టి రాయడం లేదు. అన్నాచెల్లెళ్ళు ఒకర్నొకరు చూసుకుని పన్నెండేళ్ళయింది. నేను వెంటనే సరేనన్నాను. కోటిని చూడాలని నాకూ ఉంది.

తెనాలిలో పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాను. సెలవు రోజు కాకపోతే సీటు సులభంగానే దొరుకుతుంది, టికెట్టు టీ ఖర్చంత. వేమూరు దాటాక కిటికీలోంచి మినప చేలు, పసుపు తోటలు, కాలవ గట్ల మీద తాటి చెట్లు. గంటకు పైగా పట్టింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని పిన్ని ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చింతచిగురు, ఎండు రొయ్యలు కలిపి వండిన కూర వాసన వీధిలోకే వస్తోంది.

"ఆయన రొయ్యలు తింటారా పిన్నీ?" అన్నాను.

"ఫోన్లో అడిగానమ్మా. వాడికోసమని చంపింది తినకూడదంట. ఇయ్యి ఎప్పుడో ఎండబెట్టినయ్యి, వాడికోసం పట్టినయ్యా ఏంటి?" అంది.

రోజంతటికీ ఓ ఆటో పదిహేను వందలకు మాట్లాడుకున్నాం. డ్రైవర్ పేరు శ్రీను, నెమ్మదస్తుడు. రేపల్లె నుంచి భట్టిప్రోలు అరగంట లోపే. స్తూపం ఊరికి ఆనుకునే ఉంటుంది. కంచె లోపల పచ్చిక, మధ్యలో గుండ్రటి ఇటుకల దిబ్బ. ఇక్కడే బుద్ధుడి అస్థి ధాతువులున్న రాతి భరిణెలు దొరికాయని చదివి ఉన్నాను గానీ, ఆ పొద్దుట నా చూపు ఇటుకల మీద లేదు. ముదురు కాషాయం కట్టుకున్న సన్నటి మనిషి ప్రదక్షిణ ముగించి మావైపు వస్తున్నాడు. పిన్ని చకచకా ఎదురెళ్ళి చెంప నిమరబోయింది. ఆయన చేతులు జోడించి అరడుగు వెనక్కి జరిగాడు. భిక్షువులు ఆడవాళ్ళను తాకరు, తల్లినైనా సరే. పిన్ని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, నీకు చెప్పాను కదా..." అన్నాడు చిన్నగా.

"నాకు తెలుసులే నాయనా. చేతికే తెలీలేదు," అంటూ ఆ చెయ్యి కొంగులో తుడుచుకుంది.

బయల్దేరేసరికి ఆలస్యమైంది. అక్కడికొచ్చిన నాలుగైదు కుటుంబాలు ఆయన చుట్టూ కూర్చుని ప్రశ్నలడిగాయి, ఆయన ఎవరినీ తొందరపెట్టలేదు. తర్వాత ఆటోలో శ్రీను పక్కన కూర్చున్నాడు. భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటితే మర్నాటిదాకా ముద్ద ముట్టరు, నీళ్ళే. బాపట్లకు గంటన్నర దారి, చెరుకుపల్లి మీదుగా. సరిపోతుందనే అనుకున్నాం. కానీ కర్లపాలెం ఇవతల టైరు పంక్చరైంది.

శ్రీను టైరు మారుస్తుంటే ఎండ చురుక్కుమంటోంది. ఆయన పిన్ని దగ్గరకొచ్చి అన్నాడు: "అమ్మా, ఇక్కడే ఈ చెట్టు కింద పెట్టు. తింటాను. అక్కడికెళ్ళేసరికి వేళ దాటిపోతుందేమో."

పిన్ని క్యారేజీని ఒళ్ళోకి లాక్కుంది. "ఇద్దరికీ కలిపి పెడదామని వండానురా."

"దాటిపోతే తినలేనమ్మా."

ఆవిడ రోడ్డుకేసి చూసింది. "కానియ్యి, పోదాం పదండి. అక్కడే చూద్దాం," అంది. ఆ నిర్ణయం ఆవిడకెంత కష్టమో పక్కన కూర్చున్న నాకు తెలుస్తూనే ఉంది. శ్రీను టైరు బిగించి బండి తీశాడు, కర్లపాలెం సెంటర్లో కూడా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

మఠం చేరేసరికి పన్నెండుకు ఇంకా పావుగంట ఉంది. హమ్మయ్య అనుకుంటూ గంట మోగించాం. తలుపు తీసిన సిస్టర్ నెమ్మదిగా చెప్పింది: "అందరూ మధ్యాహ్న ప్రార్థనలో ఉన్నారండి. పన్నెండు దాటాకే బయటికొస్తారు."

అన్న నియమం పన్నెండు లోపు, చెల్లెలి నియమం పన్నెండు తర్వాత. పిన్ని ఎవరినీ బతిమాలలేదు. బెంచీ మీద కూర్చుని, "పోనీలెండి, కూర్చుంటాం" అంది. కానీ ఆ గొంతు విన్నాక తలుపు దగ్గరి సిస్టర్ నిలవలేకపోయింది. "ఉండండమ్మా," అని లోపలికి వెళ్ళింది.

మాట్లాడే గదిని ఇనప ఊచలు రెండుగా విడదీస్తాయి. అవతల తలుపు తెరుచుకుని గోధుమరంగు అంగీ, నల్ల ముసుగులో కోటి పరుగులాంటి నడకతో వచ్చింది. ఊపిరి అందడం లేదు. "మదర్ సుపీరియర్ నా భుజం తట్టి, మీ అమ్మ వచ్చింది వెళ్ళమన్నారు," అంది. ప్రార్థన మధ్యలో లేచి రావడం ఇన్నేళ్ళలో అదే మొదలని తర్వాత చెప్పింది.

ఏడవడానికి కూడా వేళ లేదు. పిన్ని గిన్నెలు విప్పింది. కొడుకు భిక్షాపాత్ర పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు పెడితేనే తినాలమ్మా. నా అంతట నేను వడ్డించుకోకూడదు."

"చిన్నప్పుడూ అంతేగా నువ్వు," అని అన్నం, కూర, పెరుగు పాత్రలో వేసింది. కూతురిది ఇంకో పద్ధతి. ఊచల పక్క గోడలో తిరిగే చెక్క అర ఉంది. ఇవతల పెట్టి తిప్పితే అవతలికి చేరుతుంది. పిన్ని గిన్నె పెట్టి జాగ్రత్తగా తిప్పింది. అటు కోటి అందుకుంది.

ఇద్దరూ కళ్ళు మూసుకుని ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకున్నారు. తర్వాత ఒక్క మాటైనా లేకుండా తిన్నారు. రెండు చోట్లా భోజనం మౌనంగానే చెయ్యాలట. ఊచలకు అటొకరు, ఇటొకరు. పిన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తూ కూర్చుంది. ఆవిడ ముద్ద ముట్టలేదు, నేను పెట్టినా వద్దంది. ఆయన పాత్ర కడుక్కునేసరికి మఠం చర్చి గంట పన్నెండు కొట్టింది.

అప్పుడు నోళ్ళు తెరిచారు. కోటి నా వేళ్ళను ఊచల్లోంచి పట్టుకుని, మా పాత హాస్టల్ మెట్ల దగ్గర గన్నేరు ఉందా అని అడిగింది. తర్వాత అన్నవైపు తిరిగింది.

"మీకూ తెల్లారకముందే లేపుతారా?"

"నాలుగింటికి. మీకు?"

"నాలుగున్నరకి."

"అయితే నువ్వే సుఖపడుతున్నావు," అన్నాడు. పన్నెండేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ నవ్వుకోవడం విన్నాను.

పిన్ని మాత్రం నవ్వలేదు, ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు వాళ్ళను చూసింది. "నిజాంపట్నం రేవులో చేపల వేలంపాటకి నేనూ నాలుగింటికే లేస్తాగా," అంది. "లేచి దీపం వెలిగించుకుని, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాననుకుంటాను రోజూ. అయితే ఆ వేళకి ముగ్గురం లేచే ఉంటున్నామన్నమాట."

కోటి ముసుగు అంచుతో కళ్ళొత్తుకుంది. ఆయన తల దించుకుని, ఊచల ఇవతల తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు, తాకకుండా, తాకేంత దగ్గరగా.

సన్యాసమంటే తెంపుకుని వెళ్ళిపోవడమే అనుకునేదాన్ని. ఆ ఇద్దరూ తెంపుకున్నవి చాలానే ఉన్నాయి, ఆ బాధ పిన్ని మొహంలో ఉంది, అది ఒక పూట భోజనంతో తీరేదీ కాదు. కానీ తిరుగుదారిలో ఆవిడ రేపల్లె దాకా నిద్రపోయింది, ఖాళీ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి. అంత నిశ్చింతగా ఆవిడ నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మీరూ ఇలా వెళ్ళాలనుకుంటే ఒక్క మాట: ఏ మఠానికైనా, ఏ విహారానికైనా ముందే ఫోన్ చేసి, వాళ్ళు ఏ వేళకు ప్రార్థిస్తారో, ఏ వేళకు తింటారో కనుక్కోండి. మన బస్సు టైము తర్వాత చూసుకోవచ్చు.