తొట్టిలో నీళ్ళు లేని నాలుగు రోజులు

అప్పటికే ఆరో బిందె పోస్తున్నాను. తొట్టి అడుగున పేర్చిన సిమెంటు దిమ్మలు నీళ్ళు పీలుస్తూ బుడగలు వదులుతున్నాయి. సన్నగా సుయ్‌మని చప్పుడు. ఆరేళ్ళ కిందటి ఆ చప్పుడు నన్నింకా వదల్లేదు. బిందె ఎత్తిన ప్రతిసారీ వినపడుతుంది. ఊళ్ళో అందరి సంగతులూ అందరికీ చెప్పే నోరు నాది. ఈ ఒక్కటి మాత్రం మొన్నటిదాకా దిగమింగుకుని కూర్చున్నాను.

గనుల పక్కన పాత క్వార్టర్లు కూలగొట్టిన ఏడాది అది. కాలేజీ సారొకాయన వచ్చి రేకుల షెడ్డు వేశాడు. కూలిన స్లాబుల ముక్కలు నలిపి, జల్లించి, ఆ పొడిని కొలిమిలో కాల్చి కొత్త సిమెంటులో కలిపేవాడు. అట్లా చేస్తే సున్నపురాయి అంత కాల్చే పని ఉండదట, అంత పొగ రాదట. మేం నవ్వేవాళ్ళం. ‘చెత్త వండే సారు’ అని పేరు పెట్టింది నేనే. పదో తరగతి తప్పినదానికి ఎంత పొగరో చూడండి.

రాజమ్మక్క ముక్కలు ఏరేది. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, చప్పుడు విని, ఇది కాంక్రీటు, ఇది సున్నం గచ్చు అని విడదీసేది. గచ్చు కలిస్తే దిమ్మ గట్టిపడదట. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చు కాబట్టి నీడపట్టు పని నాది. సారు పోసిన దిమ్మలు తొట్టిలో మునిగి ఉండేలా చూడాలి, రోజూ పుస్తకంలో టిక్కు పెట్టాలి. తొట్టి కారేది. రెండు పూటలా నింపాలి. మొదటి వారం ఎండితే ఇక దిమ్మకు బలం రాదని సారు వందసార్లు చెప్పాడు.

ఆ మొదటి వారంలోనే కారేపల్లిలో మా చిన్నమ్మ కూతురి పెళ్ళి. సారు ఊరెళ్ళాడు, షెడ్డు తాళం నా దగ్గరే ఉంది. చెత్తకు నీళ్ళెందుకులే అనుకుని వెళ్ళిపోయాను. నాలుగు రోజులు. మే నెల ఎండలు. తిరిగొచ్చేసరికి దిమ్మలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బిందెల కొద్దీ నీళ్ళు పోసి, నాలుగు టిక్కులూ ఒక్కసారే పెట్టేశాను.

నెల తిరిగాక, బలం చూడ్డానికి వాటిని నొక్కే మిషను కింద పెట్టారు. పోల్చి చూడ్డానికని వేరే కారని డ్రమ్ములో నీళ్ళలో ఉంచిన మామూలు సిమెంటు దిమ్మలు నిలబడ్డాయి. మావి బిస్కెట్లలా విరిగాయి.

“తొట్టిలో నీళ్ళు ఎప్పుడన్నా తగ్గాయామ్మా?” అన్నాడు సారు.

“ఒక్కపూట గూడ తగ్గలే సార్. పుస్తకం చూడుండ్రి.”

చూశాడు. రాజమ్మక్క వైపు తిరిగాడు. “సున్నం గచ్చు కలిసినట్టుంది. సరిగ్గా ఏరావా?”

“నా చెయ్యి తప్పదు సార్. చప్పుడు ఇని ఏరిన.”

“చప్పుడా?” అని సారు నవ్వాడు. నేనూ నవ్వాను. “అక్కకు కండ్లు మసకలు సార్, చెప్పుకోదు” అన్నాను.

అది నన్నెవరు అడిగారు? అబద్ధం అక్కడితో ఆగితే చాలదా? చాలదు. నాకు భయం కంటే పొగరే ఎక్కువ. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. నెలకల్లా సారు కూడా షెడ్డు ఎత్తేశాడు. టిక్కును నమ్మి మనిషి చేతిని నమ్మనివాడు, తన పొడి మంచిదో కాదో తెలుసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆయన్ని ఎంత తిట్టుకున్నానో. ఆయన్ని తిడుతున్నంతసేపూ నా మొహం నేను చూసుకోనక్కర్లేదు కదా.

మొన్న టేకులపల్లి సంతలో రాజమ్మక్క కనపడింది. మిరపతోటల్లో కూలికి పోతోందట.

“మేస్త్రీల కాడికి ఎందుకు పోతలేవక్కా?” అన్నాను, ఏమీ ఎరగనట్టు.

“నీకెరికే గద పిల్లా. నా కండ్లే మోసం జేసినయ్. చెవిని గూడ నమ్ముతలేను. నీవు ముందే కనిపెట్టినవ్, నాకే తెల్వలే.”

పని పోగొట్టానని మాత్రమే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నా అబద్ధాన్ని ఆమె నిజమని నమ్మి బతుకుతోంది. పైగా నా మీద కోపం కూడా లేదు.

తెల్లారి మొదటి బస్సుకు వాళ్ళింటికి పోయాను. వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

“అక్కా, నీ చెవి తప్పలే. నేనే తొట్టిల నీళ్ళు పోయలే” అన్నాను.

చాట ఆగింది. కూర్చోమనలేదు. నిలబడే, నాలుగు రోజుల సంగతీ మొదటి నుంచి చెప్పాను.