తెల్ల గిన్నెలో లంగా అంచు

ఈ వయసులో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను, వినండి: మొన్న పెద్దపల్లిలో మనవరాలికి నేత లంగా బట్ట కొన్నాను, అడిగినంతా ఇచ్చి, ఒక్క రూపాయి తగ్గించమనకుండా. కొత్తిమీర కట్టకు కూడా రెండుసార్లు వెళ్లిపోయినట్టు నటించే నేను! తప్పంతా గంజి వాసనది. మడత విప్పగానే చిన్ననాటి మా గోదావరిఖని బట్టల దుకాణం ముక్కులోకి వచ్చేసింది.

బతుకమ్మ ముందు గనుల్లో జీతాలు పడిన సాయంత్రాలు గుమ్మంలో చెప్పుల కుప్ప, ఎదుటి బండి నుంచి మిర్చి బజ్జీల ఘాటు, లోపల ఒకరి మీదొకరు పడుతూ బేరాలు. మా అమ్మ అక్క, పెద్దవ్వ, తన గుంట మగ్గం మీద నేసిన లంగా బట్టలను బస్సులో మూటగా తెచ్చేది: ముదురు ఎరుపు, జానెడు పచ్చంచు. మూటలో ఒక తెల్ల పింగాణీ గిన్నె కూడా ఉండేది. కొనేవాళ్ల ఎదుటే బట్ట కొసను నీళ్లలో ముంచి, పిండి, రంగు దిగలేదని చూపనిదే అమ్మేది కాదు.

"బట్టలమ్మెతందుకొచ్చినవా, ఉతికెతందుకొచ్చినవా వదినె?" అనేవాడు గల్లా దగ్గర కూర్చున్న మా నాన్న, బాపు.

"బొగ్గు ఊర్లె ఏ రంగైతేంది, రెండు పొద్దులకు నల్లగనే ఐతది" అని నవ్వి, ఆడవాళ్లు మెరిసే మిల్లు సాటిన్ కొనేవాళ్లు.

ఆ ఏడు పెద్దవ్వ బట్ట ఒక్క ముక్కా అమ్ముడుపోలేదు. "ఇగ తేకు వదినె, జాగ సాలుతలేదు" అనేశాడు బాపు. ఆమె ఒక ముక్క తీసి నాకు లంగా కుట్టించింది, ఏటేటా విప్పుకునేలా కింద మడతలు పెట్టించి. నాకేమో సాటినే కావాలి. మూతి ముడుచుకునే కట్టుకున్నాను.

సద్దుల బతుకమ్మనాడు క్వార్టర్ల మధ్య మైదానంలో, తంగేడు, గునుగు పూల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే వాన దంచింది. సాటిన్ లంగాల రంగులు కారిపోయి పిల్లల కాళ్లు గులాబీ, నీలం, వంకాయ రంగు. నా కాళ్లు మాత్రం నా కాళ్లలాగే ఉన్నాయి. అందరూ చూసేదాకా ఆ వానలో తిరుగుతూనే ఉన్నాను.

తెల్లారేసరికి గుమ్మంలో మళ్లీ చెప్పులు. "అక్కా, నీ చెల్లె బిడ్డ కట్టిన బట్ట ఇంకున్నదా?"

"ఉన్నది. ముందుగాల గిన్నె చూడుండ్రి" అంది పెద్దవ్వ. నీళ్లు బాపే మోసుకొచ్చాడు.

ఇవాళ పెద్దవ్వ లేదు. మగ్గం గుంట మీద సిమెంటు పోశారు. మా దుకాణంలో ఇప్పుడు ఎవరో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. అంచు పెచ్చులూడిన ఆ గిన్నె మాత్రం నా దగ్గరుంది. నిన్న కొత్త బట్ట కొసను అందులో ముంచి, పిండాను.

ఇక లెక్క. బట్టకు, అడిగినంత. మడతలతో కుట్టుకూలికి, దర్జీతో వాదించి యాభై తగ్గించాక తేలినంత. అలవాటు పోదు కదా. బట్ట బేరంలో మిగుల్చుకున్నది, సున్నా. గిన్నెలో నీళ్లు, పోసినప్పటిలాగే.