టైపమ్మ ల్యాప్‌టాప్ కొనుక్కుంది

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎంతమందికి తెలుసో గానీ, టైపమ్మ ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యెత్తి చూపించేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా బస్టాండు ఎదుట ఒక ఇరుకు గదిలో, గాలాడని మూల కూర్చుని, ఊళ్ళోవాళ్ళ అర్జీలూ అద్దె ఒప్పందాలూ, కాలేజీ విద్యార్థుల లావుపాటి థీసిస్‌లూ టైపు కొట్టింది. ఆ కొట్టడంలో మెడ ఒక పక్కకి వాలిపోయింది. కుడిచేతి చిటికెన వేలు పొద్దున్నే కొయ్యబారిపోయి ఉండేది. వేణ్ణీళ్ళలో ముంచితే గానీ దారికొచ్చేది కాదు.

ఒక శనివారం ఆ టైపు కొట్టు యజమాని ఆవిణ్ణి పిలిచి, గది ఖాళీ చేసేస్తున్నానని చెప్పాడు. పని మాత్రం ఇంటికే పంపిస్తాడట, మెషిన్ ఎవరిది వాళ్ళే చూసుకోవాలట. టైపు కొట్టే ఆ కొట్టే మూతపడుతుంటే ఇంకేం పోట్లాడుతుంది? సరేనని, కుర్చీలో తను వేసుకునే దిండు చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

మొగుడు బస్సు కండక్టరు. వారంలో ఆరు రోజులు నిలబడే బతికే మనిషి. ఏడో రోజు కాళ్ళు చాపుకుని పడుకోవలసినవాడు కాస్తా ఆవిడ వెంట ల్యాప్‌టాప్ కొనడానికి బయల్దేరాడు. చేతిలో ఉన్నది ఇరవై వేలు. ఫ్రిజ్ బాగుచేయించడానికి దాచినవి కూడా అందులోనే ఉన్నాయి.

మొదటి షోరూములో టై కట్టుకున్న కుర్రాడు ర్యామ్ అన్నాడు, ప్రాసెసర్ అన్నాడు, కాగితమంత పల్చగా ఉంటుందన్నాడు. ఆవిడ అన్నిటికీ తలూపి మీటల మీద వేళ్ళు పెట్టింది. బల్లమీద దరువు వేసినట్టుంది తప్ప, మీట నొక్కినట్టే లేదు. రెండో చోట ధర విని వెనక్కి తిరిగారు. మూడో షాపుకొచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అక్కడొక కొత్త ల్యాప్‌టాప్ సరిగ్గా ఇరవై వేలే. అమ్మేవాడు కొనుగోలు ఫారం తెచ్చి ముందు పెట్టాడు. మొగుడు అప్పటికే బయట మెట్లమీద కూలబడి, చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటున్నాడు.

"ఏదో ఒకటి తీసేసుకోవే. నావల్ల కాదిక," అన్నాడు అక్కణ్ణుంచే.

ఆవిడకీ ఓపిక లేదు. పేరు రాసింది, చిరునామా రాసింది. సంతకం దగ్గర ఆగి, ఒక్క పేజీ కొట్టి చూస్తానంది. కొత్త సరుకే కదా మేడమ్ అని నసిగాడు గానీ అమ్మేవాడు ఒప్పుకున్నాడు. నోటికొచ్చిన అర్జీ ఒకటి మొదలుపెట్టింది. నాలుగు పంక్తులు దాటేసరికి చిటికెన వేలు భగ్గుమంది. ఇరుకు మీటలు, ఒకటి నొక్కితే రెండు పడుతున్నాయి.

"ఏమనుకోకు నాయనా, రోజుకి నలభై పేజీలు దీనిమీద కొట్టలేను," అని పెన్ను తిరిగిచ్చేసింది.

మొగుడు చెప్పులు తొడుక్కుని ఆవిడ వెంట రోడ్డు దాటాడు. ఆవిడకి మనసులో పీకుతూనే ఉంది. ఆయన కాళ్ళు చూసైనా సంతకం పెట్టేయాల్సిందేమో. ఇంతలో ఆయనే, పాత సామాన్ల సందులో కంప్యూటర్లు బాగుచేసేవాడున్నాడని, తన బస్సులో రోజూ ఎక్కుతాడని, చెప్పీచెప్పనట్టు చెప్పాడు.

ఆ మెకానిక్ ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న నల్లటి ల్యాప్‌టాప్ ఒకటి కిందనుంచి తీసి దుమ్ము దులిపాడు. మూత మీద గీతలు. బరువు చూస్తే పిండిరోలు. మీటలు మాత్రం లావుగా, వేలికింద దిగి పైకి లేస్తున్నాయి. ఆవిడ నిలబడే పేజీ మొత్తం కొట్టేసింది.

"బ్యాటరీ అరగంట కూడా రాదమ్మా. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు," అన్నాడు మెకానిక్.

"గోడ పక్కన ప్లగ్గు దగ్గరే కూర్చుంటానయ్యా. నేనెక్కడికి పోతాను," అంది.

బేరమాడితే పదిహేను వేల దగ్గర తెగింది. దారిపొడుగునా మొగుడే మోశాడు, భుజాలు మార్చుకుంటూ, ఇది ఒళ్ళో పెట్టుకునేదా, మనల్ని ఒళ్ళో పెట్టుకునేదా అని గొణుక్కుంటూ. ఆవిడకి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేక ఊరుకుంది.

సోమవారం యజమాని ఒక థీసిస్ పంపించాడు. వంటింటి గోడవారగా స్టూలు వేసుకుని ఆ రోజు ముప్ఫైరెండు పేజీలు కొట్టింది. నలభై కాలేదు. గురువారానికి రోజుకి నలభై అయ్యాయి. ఆ పరిశోధన చేస్తున్న అమ్మాయి శుక్రవారం వచ్చి, మూడో అధ్యాయమంతా తమ మేడమ్ మార్చమన్నారని బిక్కమొహం వేసింది. ఆ పిల్ల కళ్ళకింద కూడా నల్లటి చారలే.

"అక్కడ పెట్టి వెళ్ళమ్మా. కాసేపు నడుం వాల్చి మొదలుపెడతాను," అని టైపమ్మ చాప పరుచుకుంది.