వేరే శనగ

నిన్న సాయంత్రం పక్కింటి ఏడో తరగతి పాప సోషల్ పుస్తకం చంకన పెట్టుకుని మా వరండాలోకి వచ్చింది. రేపే పరీక్షట. "ఇంపార్టెంటు ప్రశ్నలకు టిక్కులు పెట్టియ్యవ్వా" అంది. ముప్పై ఏళ్లు కళ్యాణదుర్గం చుట్టుపక్కల బడుల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. టిక్కులు పెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని అప్పట్లో పేరు. పెన్సిల్ తీసుకుని పేజీలు తిప్పుతుంటే పంటల పాఠం వచ్చింది. నా చెయ్యి ఆగిపోయింది.

పన్నెండేళ్ల కిందట నా ఎనిమిదో తరగతిలో గొర్రెలాయన కూతురు ఒకతె ఉండేది. లెక్కల్లో కూడా గట్టెక్కే పిల్లకు సోషల్ మాత్రం కొరకరాని కొయ్య. అర్ధసంవత్సర పరీక్షలో తప్పింది. మార్చి ఎండల్లో ఒకరోజు వాళ్ల నాయన గొర్రెలను బడి గోడ పక్కన నిలిపి లోపలికి వచ్చాడు. "ఈసారి గూడా తప్పితే బెంగుళూరికి పిల్చుకపోతా మేడమ్. వాళ్లమ్మ ఆడ బిల్డింగు పనికి పోతాండాది. చంటోన్ని చూసుకునేవాళ్లు లేరు" అన్నాడు. అది బెదిరింపు కాదు, ఉన్నమాట. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. రోజూ బడి విడిచాక ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని పదిహేను ప్రశ్నలు బట్టీ పట్టించాను. నదులు, రుతుపవనాలు, గోధుమ, జనపనార, శనగ. వేరుశనగను మాత్రం వదిలేశాను. ఐదెకరాల్లో అదే వేసుకునే ఇంటి పిల్లకు దాని గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే కదా! పైగా నాకొక పాడు అలవాటు ఉండేది. పేపర్లు దిద్దేది వేరే ఊరివాళ్లు, పుస్తకం మాటే రాయాలి అంటూ, ఇంటి మాట వినబడితే చాలు బెంచీ ఎక్కించేదాన్ని. అందుకే ఏ మాటకు ఏది అర్థమో నన్ను అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

పరీక్ష రోజు ఆ గదికి ఇన్విజిలేటర్‌ని నేనే. ప్రశ్నపత్రం చూడగానే ప్రాణం లేచొచ్చింది. వేరుశనగ పంటకు ఎలాంటి నేల, వాతావరణం కావాలి? పది మార్కులు! వరుసల మధ్య తిరుగుతూ ఆ పిల్ల భుజం మీదుగా చూశాను. "నల్లరేగడి నేల కావాలి. చలి కావాలి. మంచుకే పండుతుంది." నేను బట్టీ పట్టించిన శనగ జవాబు, అక్షరం పొల్లు పోకుండా. ఒక్క మాట చెబితే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే తప్పు, చెప్పకుంటే పిల్ల చదువు. కిటికీ దగ్గరికి పోతే గోడ అవతల వాళ్ల నాయన. మళ్లీ లోపలికి తిరిగితే ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది, అన్నీ వచ్చేశాయన్నట్టు. గంట కొట్టారు. పేపర్లు తీసుకున్నాను.

"ఎట్ల రాస్తివమ్మా?" అని గేటు దగ్గర నాయన అడిగాడు.

"బాగనే రాసినా నాయనా. మనం ఎయ్యని పంట అడిగినారు. వేరుశనగంట. శనగలోనే వేరే రకం."

"అదేం పంటబ్బా? కణేకల్ పక్క నల్లరేగడిలో ఏస్తారేమో."

నేను ఇక ఆగలేకపోయాను. "మీరేసే చెనిక్కాయే అప్పా అది" అన్నాను.

ఆ మనిషి కోప్పడి ఉంటే బాగుండేది. కూతురి తల మీద చెయ్యి వేసి, "ఇది పుట్టిందే చెనిక్కాయ చేన్లో గదా మేడమ్. ఆ పేరొకటి ముందే చెప్పకపోతిరా" అన్నాడు, అంతే.

పాసవడానికి నాలుగు మార్కులు తక్కువొచ్చాయి. వాళ్లింటికి పోయి బతిమాలాను. "ఆడ చంటోడు ఏడుస్తాండాడు మేడమ్" అన్నాడు. జూన్‌లో హాజరు పిలుస్తూ అలవాటున ఆ పిల్ల పేరు కూడా పిలిచాను. క్లాసంతా నా ముఖమే చూసింది.

నిన్న పెన్సిల్‌తో 'వేరుశనగ' పైన 'చెనిక్కాయ' అని రాశాను. "అది నాకు తెలుసులే అవ్వా" అంది పాప. తెలిసినా సరే, చెరపొద్దన్నాను. ఆ ఒక్క మాట రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.