టేపుగారూ, నాలుగంగుళాల మార్కెట్టూ

మా టేపుగారికి మనుషుల ముఖాలు గుర్తుండవు. మోకాళ్ళు గుర్తుంటాయి. ఇరవై ఏళ్ళ కిందట ఒక్కసారి కలిసిన మనిషి ఎదురుపడి "నమస్కారమండీ, గుర్తుపట్టారా?" అంటే ఆయన ముఖం వంక చూసేవారు కాదు. కిందికి చూసి, "ఆ! పదహారున్నర కదూ? గుర్తులేకపోవడమేమిటి!" అనేవారు.

పదహారున్నర అంటే అంగుళాలు. మోకాలి మడత నుంచి మడమ దాకా. కనబడిన ప్రతివాడికీ ఈ కొలత తీయడం ఆయన పని. చొక్కా జేబులో దర్జీలు వాడే పసుప్పచ్చ టేపు ఒకటి ఉండేది. అంకెలు సగం చెరిగిపోయినా ఆయనకి చేత్తో తడిమితే తెలిసిపోయేది. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు.

మాది ట్రాక్టర్లు, కోత యంత్రాలు తయారుచేసే కంపెనీ. మూడో అంతస్తులో ఒక మూల మార్కెట్ సర్వే విభాగం. విభాగం అంటే ముగ్గురం. అధికారి టేపుగారు, అసిస్టెంటు నేను, టైపిస్టు ఆవిడ. ఏటా మేము రాయాల్సిన లావుపాటి రిపోర్టు పేరు 'వర్ధమాన దేశాల్లో వ్యవసాయ యంత్రాల మార్కెట్టు: ధోరణులు, అవకాశాలు'. ఇలాంటివి రాసేవాళ్ళు ఎవరైనా ఫలానా దేశంలో ఇంత శాతం పెరుగుదల అని రాస్తారు. ఈయనకి శాతమంటే ఒళ్ళుమంట.

"శాతానికి కాళ్ళుంటాయటయ్యా? ట్రాక్టరు ఎక్కేది మనిషి. మనిషికి కాళ్ళుంటాయి. అవి కొలువు ముందు!"

నేను ఉద్యోగంలో చేరిన రోజు, ఆర్డరు కాగితం అందించగానే ఆయన దాన్ని పక్కన పెట్టి, "కాలు చాపు" అన్నారు. ఆరోగ్య పరీక్ష కాబోలనుకుని చాపాను.

"పదిహేడుంపావు!" అని గది అదిరేలా అరిచి, ఒక పొడుగాటి పుస్తకం నా ముందుకు తోశారు. "రాసుకో."

"ఎవరిదండీ?"

"నీదే. బోణీ నీతోనే చేద్దాం."

ఆయన కొలిచి అరవడం, నేను రాయడం. అలా పదకొండేళ్ళు. పుస్తకంలో ఎడమ పక్క వరస నాది. కుడి పక్క వరస ఆయనది. అందులో పెన్సిలుతో ఏదో రాసి, దానిమీద అట్టముక్క బిగించేసేవారు. "అందులో ఏముందండీ?" అని ఒకసారి అడిగితే, "అవకాశాలు" అన్నారు. సరే, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకుని వదిలేశాను.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. ఆడవాళ్ళ దగ్గర ఆయన మర్యాద మర్యాదే. టేపు చేతికిచ్చి, "మీరే కొలుచుకోండమ్మా" అని గోడ వైపు తిరిగి నిలబడేవారు. మా ఆఫీసు గోడకి ఒక చోట సున్నం ఊడిపోయింది. ఆయన ముక్కు తగిలి తగిలి ఊడిందని టైపిస్టు ఆవిడ అనేది.

ఒకసారి జ్వరమొస్తే ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు ఆయన నాడి పట్టుకుంటే, ఆయన డాక్టరు మోకాలు పట్టుకున్నారు. "కదలకండి డాక్టరుగారూ, పదిహేడు!" డాక్టరు నా వంక చూసి, "జ్వరం తలకెక్కిందేమో, తడిగుడ్డ వేయండి" అన్నాడు. జ్వరం నూటొకటే. తక్కినదంతా ఆయన సహజం.

కూతురికి సంబంధం వచ్చినప్పుడు అందరూ అబ్బాయి ఉద్యోగం గురించి అడుగుతుంటే ఈయన, "బాబూ, కాస్త కాలు చాపుతావా?" అన్నారట. అబ్బాయి తల్లి ముఖం మాడ్చుకుని, "మావాడి కాళ్ళమీద ఏమన్నా అనుమానమా?" అంటే, టేపుగారి భార్య అందుకుని, "అనుమానం కాదు వదినగారూ, రోగం. మావారిది" అందట. అందరూ నవ్వేశారు, సంబంధం కుదిరింది. అబ్బాయి పద్దెనిమిది.

ఇక నా ప్రాణం తీసిందేమిటంటే, ప్రతి సోమవారం ఒకటే ప్రశ్న. "మీ ఆవిడ కొలత తెచ్చావా?"

ఇంట్లో చెబితే మా ఆవిడ కస్సుమంది. "మీ ఆఫీసుకి నా కాళ్ళ గొడవేమిటి? రోజూ వంట చేసి భుజం లాగేస్తోందంటే పట్టించుకునే దిక్కు లేదు గానీ!" నేను బుద్ధిగా భుజానికి రాసుకునే మందు తెచ్చిచ్చాను, ఆఫీసులో ఆ నొప్పి సంగతీ చెప్పాను. కొలత తేలేదు.

అలా గడుస్తుండగా ముప్పు ముంచుకొచ్చింది. అప్పటికి మూడేళ్ళ ముందు కంపెనీ చిన్నకారు రైతుల కోసమని ఒక చిన్న ట్రాక్టరు చేసి మూడు వర్ధమాన దేశాలకు పంపింది. సేల్స్ మేనేజరు అక్కడ తోసుకుని కొంటారని లెక్కలు కట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. రెండు వేల బళ్ళు గోదాముల్లో నిద్రపోయాయి. ఎర్ర రంగు నచ్చలేదేమోనని మొదటి ఏడు ఆకుపచ్చ వేయించాడు. రెండో ఏడు బండి పేరు మార్పించాడు. మూడో ఏడు హారన్ మార్పించాడు. బళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి, పచ్చగా, కొత్త పేరుతో.

చైర్మన్‌గారి దగ్గర్నుంచి మాకు ఉత్తరం వచ్చింది. బళ్ళు ఎందుకు అమ్ముడుపోవడం లేదో నెలాఖరు మీటింగులో చెప్పాలి, చెప్పలేకపోతే మూడో అంతస్తులో ఈ విభాగం ఉండదు. టైపిస్టు ఆవిడ జీతం మీద ఇద్దరు పిల్లల చదువులు నడుస్తున్నాయి. మా అమ్మాయి అప్పుడు ఏడు నెలల పసిపాప. ఇంకో ఉద్యోగం వెతుక్కునే వయసు నాకు దాటలేదు గానీ ధైర్యం దాటిపోయింది.

టేపుగారు చలించలేదు. ఆ మూడు దేశాల్లోని డీలర్లకి వంద ఉత్తరాలు రాయించారు. ఎన్ని అమ్మారు, ఎందుకు అమ్మలేదు అని కాదు. 'మీ షోరూముకు వచ్చి ట్రాక్టరు ఎక్కి దిగి వెళ్ళిపోయిన వాళ్ళ మోకాలి కొలతలు పంపగలరు' అని! ఆ ఉత్తరం టైపు చేస్తూ ఆవిడ కళ్ళొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

"మీకు పుణ్యముంటుందండీ, ఏదో ఒక శాతం రాసి పడేద్దాం. ఎనిమిది శాతం రాద్దాం. ఎనిమిదైతే నిండుగా ఉంటుంది" అని బతిమాలాను.

"ఎనిమిది ఎవరి కొలతయ్యా? మీ పాపదా?" అన్నారు.

వంద ఉత్తరాలకి ఇరవై ఏడు జవాబులొచ్చాయి. ఒక డీలరు ఫొటో కూడా పంపాడు. మన చిన్న ట్రాక్టరు, పక్కన నవ్వుతున్న ఒక ఆడమనిషి. నేను ఆమెనే చూశాను. టేపుగారు భూతద్దం పెట్టి క్లచ్ చూశారు. దానిమీద సైకిలు ట్యూబుతో గట్టిగా కట్టిన చెక్కముక్క ఉంది. డీలరు కింద నాలుగు ముక్కలు రాశాడు: 'మా దగ్గర మగవాళ్ళు పట్నాల్లో పనులకి పోయారు. పొలాలు ఆడవాళ్ళే చేస్తున్నారు. బండి ఎక్కుతారు, కాలు అందదు, మాకు చేతకాదులెండి అని దిగిపోతారు. ఈమె ఒక్కతే చెక్క కట్టుకుని కొనుక్కుంది.'

టేపుగారు టేపు తీసుకుని నేరుగా కార్ఖానాకి నడిచారు. తయారైన ప్రతి బండినీ నడిపి చూసి సరే అనే టెస్ట్ డ్రైవరు ఒకడున్నాడు. ఆరడుగుల రెండంగుళాలు. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి బండి సీటూ క్లచ్చూ అతని కాలికి సరిపోతే చాలు, ప్రపంచానికి సరిపోయినట్టే లెక్క.

"ఈ చిన్న ట్రాక్టరు ఎలా ఉందయ్యా?"

"వెన్నలా ఉందండీ!"

"కాలు చాపు... పంతొమ్మిది!"

డీలర్ల జవాబుల్లో సగటు పదిహేను. తేడా నాలుగంగుళాలు.

మీటింగు రోజు సేల్స్ మేనేజరు నలభై పేజీలు చదివాడు. పెరుగుదల, ఊపు, దూకుడు, ఈసారి నీలం రంగు. మా వంతు వచ్చింది. టేపుగారు ఒక ఫొటో, ఒక కాగితం బల్లమీద పెట్టారు. కాగితం మీద 'నాలుగంగుళాలు' అని మాత్రమే ఉంది.

"ఇదేనా మీ రిపోర్టు?" అన్నారు చైర్మన్‌గారు.

"ఇదేనండీ. ఒక్క కొలత తక్కువైంది. అనుమతిస్తే..." అంటూ ఆయన అంత పెద్ద బల్ల కిందికి దూరిపోయారు!

నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయింది మా పని. ఆయన అరుపు వినగానే రాసుకోవడానికి అలవాటు కొద్దీ కలం మాత్రం పట్టుకున్నాను. అరుపు రాలేదు. పైకి లేచి, టేపు జేబులో పెట్టుకుని, పుస్తకంలో తనే ఏదో రాసుకుని అట్టముక్క మూసేశారు. పదకొండేళ్ళలో ఆయన కొలత అరవకపోవడం అదొక్కసారే.

"వచ్చిందండీ. ఇక అందరూ ఒకసారి కిందికొస్తే బాగుంటుంది" అన్నారు.

కార్ఖానా ముందు చిన్న ట్రాక్టరు ఉంది. టేపుగారు టైపిస్టు ఆవిడని ఎక్కమన్నారు. ఆవిడ ఎక్కింది. కాలు ఎంత సాగదీసినా క్లచ్ అందలేదు. అంచుకి జరిగితే సీటు జారింది. సిగ్గుపడిపోయి, "నా కాళ్ళే పొట్టివి లెండి" అంది.

"మనిషి పొట్టి కాదమ్మా. బండి పొడుగు!" అన్నారు టేపుగారు.

చైర్మన్‌గారు ఆ మాట విని బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. తరవాత ట్రాక్టరు మీద చెయ్యి వేసి నెమ్మదిగా అన్నారు. "ఈ బండి ప్రారంభోత్సవం నాడు నన్ను ఎక్కించి ఫొటో తీశారు. నా కాలూ అందలేదయ్యా. నేనే పొట్టివాణ్ణి కదా అని నోరు మూసుకుని దిగిపోయాను."

"అబ్బెబ్బే! మీరు పొట్టేమిటండీ!" అన్నాడు సేల్స్ మేనేజరు.

"నువ్వూ మూసుకో" అన్నారు చైర్మన్‌గారు.

టెస్ట్ డ్రైవరు ఒక్కడే బెంగగా, "నాకు వెన్నలానే ఉందండీ మరి" అన్నాడు.

సీటు ముందుకీ వెనక్కీ జరిగేలా కింద రెండు ఇనప పట్టీలు వేశారు. అంతే. ఏడాది తిరక్కుండా గోదాములు ఖాళీ అయ్యాయి. నీలం రంగు వల్లనే అని సేల్స్ మేనేజరు ఈనాటికీ చెబుతాడు. చెప్పుకోనీండి, మా విభాగం మిగిలింది, అది చాలు.

మొన్న టేపుగారు రిటైరయ్యారు. టేపు తను పట్టుకెళ్ళి, పుస్తకం నా చేతిలో పెట్టారు. ఆయన మెట్లు దిగగానే నేను చేసిన మొదటి పని అట్టముక్కలు పీకడం. కుడి వరస పైన నిజంగానే 'అవకాశాలు' అని ఉంది.

టైపిస్టు, పద్నాలుగున్నర. కాళ్ళ కింద పీట. కంపెనీ ఇచ్చిందని ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంటున్న పీట! వాచ్‌మన్, పద్దెనిమిది. స్టూలు కోళ్ళకి చెక్కలు. డాక్టరు, పదిహేడు. కుర్చీ పల్లంగా ఉంది, వడ్రంగిని పంపాను. అల్లుడు, పద్దెనిమిది. మంచం పొడుగు చేయించాలి. చైర్మన్, పద్నాలుగు. పీట, ఎవరూ చూడకుండా. పేజీల కొద్దీ ఇదే.

గబగబా మొదటి పేజీకి తిప్పి నా పేరు చూశాను. పదిహేడుంపావు. బల్ల కోళ్ళ కింద చెక్కలు. బల్ల కిందికి దూరి చూశాను. నాలుగు చెక్కలు, నున్నగా చిత్రికపట్టినవి. ఇన్నేళ్ళలో నడుం నొప్పి ఎరగనందుకు నా ఒంటి పుష్టి చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఆ క్షణాన నాకు నిజంగా సిగ్గేసింది, ఆయనమీద ప్రేమా పొంగుకొచ్చింది.

నా కింద ఇంకో వరస ఉంది. 'ఇతని భార్య. భుజం నొప్పిట. ఇంకా కొలత తేలేదు. ఉత్త బద్ధకిష్టి.'

ఆ సాయంత్రం దారిలో టేపు కొనుక్కుని ఇంటికెళ్ళాను. మా ఆవిడ వంటింట్లో మునివేళ్ళమీద నిలబడి, భుజం చెవి దాకా ఎత్తి గరిటె తిప్పుతోంది. రోజూ అలాగే తిప్పుతుంది. ఆ రోజే చూశాను. వెళ్ళి మోకాళ్ళమీద కూర్చుని, "కాలు చాపు" అన్నాను.

"చోద్యం కాకపోతే, వంట కాళ్ళతో చేస్తానా? మోచేయి కొలవండి" అంది. కొలిచాను. పొయ్యి గట్టు ఉండాల్సినదాని కంటే ఎత్తుంది. ఎంతంటే, సరిగ్గా నాలుగంగుళాలు.

"నేనే పొట్టిదాన్ని లెండి" అంది.

"నువ్వు పొట్టి కాదే, గట్టు పొడుగు" అన్నాను. ఆదివారానికల్లా గట్టు ముందు పొడుగాటి చెక్కపీట వేయించాను. ఇంట గెలవకుండా రచ్చ గెలిచినవాణ్ణని మా ఆవిడ దెప్పింది గానీ, భుజం దిగింది. "ఆయన్ని ఒకసారి భోజనానికి పిలవండి" అని కూడా అంది.

టేపుగారు వచ్చారు. భోజనమయ్యాక మా ఆవిడ కొత్త టేపు తెచ్చి నా చేతికిచ్చి, "ఈయన కొలత పుస్తకంలో ఉందా?" అంది. నేను తెల్లబోయాను. లేదు.

"నాదెందుకమ్మా, ముసలి కాళ్ళు" అంటూ ఆయన కుర్చీలో ముడుచుకుపోయారు. మా ఆవిడ గోడ వైపు తిరిగి, "మర్యాదగా కొలవనివ్వండి బాబాయిగారూ" అంది. నేను వంగి చూస్తే, ఆయన మడమలు రెండూ గాల్లో ఉన్నాయి. పదకొండేళ్ళు ఆయన ఎదురుగా కూర్చున్నాను, ఒక్కనాడూ బల్ల కిందికి చూడలేదు.

వంటింట్లోంచి పీట తెచ్చి ఆయన కాళ్ళ కింద పెట్టాను. ఆయన కాళ్ళు ఆనించి, "అబ్బ!" అన్నారు. ఆ 'అబ్బ' విని ముగ్గురం నవ్వాం.

"పదమూడుంపావు!" అని ఇల్లదిరేలా అరిచాను. మా అమ్మాయి పెన్సిలు తెచ్చుకుని రాసుకుంది.